సారు ప్రార్థనకు నా ఆమేన్

మా ఆయన ప్రార్థన మొదలుపెడితే ఎప్పుడు ముగుస్తుందో ఆయనకే తెలియదు. లెక్కల టీచరుగా చేరి హెడ్మాస్టరుగా దిగిన మనిషి. బళ్ళో గంట కొట్టగానే సుద్దముక్క కింద పెట్టేసేవాడు. దేవుని ముందు మాత్రం గంట కొట్టేవాళ్ళు లేకపోయారు. ‘యేసు నామమున’ దాకా వస్తాడు, అంతలో వానలు గుర్తొస్తాయి, మళ్ళీ ఎత్తుకుంటాడు. ఇంకోసారి ‘యేసు నామమున’ దాకా వస్తాడు, కాలు విరిగిన సంఘపెద్ద గుర్తొస్తాడు.

పెళ్ళైన కొత్తలో కోయిలకుంట్ల మందిరంలో చంటిపిల్లలు ఏడుస్తుంటే, ముసలివాళ్ళు కునికిపాట్లు పడుతుంటే, నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ఆయన ‘యేసు నామమున’ అని గొంతు తగ్గించి ఊపిరి తీసుకునే సందులో గట్టిగా ‘ఆమేన్’ అనేదాన్ని. నా వెనకే సంఘమంతా అనేది. ఇక ఆయనకు కూర్చోక తప్పేది కాదు. రానురాను మా మందిరంలో అదే పద్ధతైపోయింది. “సిస్టరమ్మ ఆమేన్ అంటేగాని సారు కూసోడు” అని నవ్వేవాళ్ళు. గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును కాబట్టి నేను ఊరందరికీ సిస్టరమ్మను. ఆయన ఊరందరికీ సారు, చివరికి నాకు కూడా సారే. ముప్పై ఎనిమిదేళ్ళు మా ఇద్దరి మధ్య అదొక సరసం. అదే నా మెడకు చుట్టుకుంటుందని నేను అనుకోలేదు.

ఇద్దరం రిటైరైన ఏడు మా మందిరంలో మూడు రోజుల ప్రార్థన కూడికలు పెట్టారు. చివరి రోజు బయటి నుంచి వచ్చిన బోధకుడు ఆఫ్రికాలో మలావి అనే దేశం గురించి చెప్పాడు. అక్కడ మిషన్ బడి ఒకటి ఉందట. లెక్కలు చెప్పేవాళ్ళు లేరట. బాధ్యతలు తీరిన పెద్ద వయసు దంపతులు ఎవరైనా వెళ్తే బాగుంటుందట. నేను సగమే విన్నాను. కూడిక అయ్యాక నలభై మందికి మా ఇంట్లోనే టిఫిను. ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీలు వేయాలి. పిండి కలిపి మూత పెట్టి వచ్చాను గాని అందులో ఉప్పు వేశానా లేదా అన్నది ఎంతకీ గుర్తు రావడం లేదు. శెనగపిండి కొలిచింది గుర్తుంది, వాము నలిపింది గుర్తుంది, ఉప్పు డబ్బా మూత తీసింది గుర్తు లేదు.

పక్కన సారు లేచి ప్రార్థన చేస్తున్నాడని తెలుసు. మాటలు చెవిన పడుతున్నాయి గాని లోపలికి పోవడం లేదు. ‘యేసు నామమున’ అని గొంతు తగ్గింది. ఊపిరి తీసుకున్నాడు. నేను ఆమేన్ అన్నాను.

కళ్ళు తెరిస్తే సంఘమంతా నన్నే చూస్తోంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. బోధకుడు చేతులు పైకెత్తి, “ఇద్దరూ ఒప్పుకున్నారు, దేవునికి స్తోత్రం” అన్నాడు. ‘మేమిద్దరం వెళ్తాం, మమ్మల్ని పంపు తండ్రీ’ అని సారు అడిగితే నేను ముద్ర వేశానన్నమాట.

అప్పుడే నిజం చెప్పేయొచ్చు కదా అంటారు. దేవుని ముందు, సంఘం ముందు ఆమేన్ అన్న మనిషి, నేను బజ్జీల పిండి గురించి ఆలోచిస్తున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? సారు మొహం చూస్తే పెళ్ళినాటి కంటే వెలుగుగా ఉంది. ఇంటికి పోయి చూస్తే పిండిలో ఉప్పు లేనే లేదు.

రిటైరైన తర్వాత నాకూ ఒక ఆశ ఉండేది. మా ఇంటి ముందరి గదిలో ఒక బల్ల, ఒక బీపీ మిషను పెట్టుకుని కూర్చోవాలని. గర్భిణీ స్త్రీలు వస్తారు, ముసలమ్మలు వస్తారు, చేయి పట్టి చూస్తాను, గట్టిగా నాలుగు మాటలు చెబుతాను. ఆ గదికి తాళం వేసి విమానం ఎక్కాను.

మలావిలో మా ఇల్లు బడి ఆవరణలోనే. చుట్టూ ఎత్తు గోడ, గోడమీద గాజుపెంకులు. పొద్దు గూకితే కాపలావాడు గేటుకు గొలుసు చుట్టేవాడు. మంచి మనుషులు, అందులో అబద్ధం లేదు. ఎర్రమట్టి కూడా మన వైపు మాదిరే ఉంటుంది. వాళ్ళు తినేది కూడా సంగటే, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. సారు నెల తిరక్కముందే ఆ ఊరివాడైపోయాడు. పొద్దున్నే పలకరింపులు, సాయంత్రం బోర్డు చుట్టూ పిల్లలు. ఇరవై ఏళ్ళు తగ్గినట్టు నడిచేవాడు. నాకేమో ఆ భాష నోరు తిరగలేదు. వంట, గెస్టు రూముల్లో దుప్పట్లు మార్చడం, వచ్చినవాళ్ళకు టీ పెట్టి నవ్వడం, ఆదివారం తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చోవడం, ఇదీ నా సేవ. మిషనరీ భార్యకు కోపం రాకూడదు, విసుగు రాకూడదు. నాకు ఆ రెండూ పుట్టుకతోనే దండిగా ఉన్నాయి.

ఆవరణలో ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. మొదటి వారమే ఉత్సాహంగా పోయాను. నా రిజిస్ట్రేషను అక్కడ చెల్లదని డాక్టరమ్మ మర్యాదగా చెప్పింది. “మీరు రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేయండి, అదే చాలు” అంది. సరేనని కాన్పుల గది బయట బల్లమీద కూర్చునేదాన్ని. ఒకరోజు లోపల ఒక పిల్ల నొప్పులు పడుతోంది. ఆ కేక వింటే చాలు, ఎంతసేపట్లో అవుతుందో, బిడ్డ ఎట్లా తిరిగి ఉందో నాకు తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. నా చేతులు వాటంతట అవే లేస్తున్నాయి. వాటిని ఒళ్ళో కట్టేసినట్టు పెట్టుకుని, గోడకు తల ఆనించి కూర్చున్నాను. బిడ్డ ఏడుపు వినిపించాక ఇంటికి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో బాగా ఏడ్చాను.

సారు నెలనెలా సంఘానికి ప్రార్థన ఉత్తరం పంపేవాడు. ‘మేము క్షేమం, మేము సంతోషంగా ఉన్నాము’ అని. చివర ఇద్దరి పేర్లూ రాసేవాడు. చదివి వినిపించి కళ్ళజోడు పైనుంచి నావైపు చూసేవాడు. నేను ఏమనేదాన్నో వేరే చెప్పాలా?

మూడేళ్ళకు రెండు నెలల సెలవు ఇచ్చారు. సెలవని పేరే గాని కర్నూలు వైపు, కడప వైపు ఏ సంఘం పిలిస్తే ఆ సంఘానికి పోయి సాక్ష్యం చెప్పాలి. మండుటెండలు, బస్సులు, ఎవరింట్లోనో భోజనం, ఎవరి మంచంమీదో నిద్ర. సారు ఫోనులో ఫోటోలు చూపిస్తూ గంట మాట్లాడేవాడు. తర్వాత నన్ను లేపేవాళ్ళు. “మీ ప్రార్థనల వల్ల బాగుండాం” అని రెండు ముక్కలు చెప్పి కూర్చునేదాన్ని. ప్రొద్దుటూరులో ఒక ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని, “ఎంత ధన్యురాలివమ్మా, మాకు యాడ వస్తాది ఆ భాగ్యం” అని కళ్ళకు అద్దుకుంది. ఆ చేతులతో మూడేళ్ళుగా నేను దుప్పట్లే మడతపెట్టానని ఆమెకు ఎట్లా చెప్పను? కుడితిలో పడ్డ ఎలుక బతుకైపోయింది నాది. అంతలో ఇంకో మూడేళ్ళకు టిక్కెట్లు వచ్చేశాయని, వెళ్ళే ముందు ఆదివారం మా మందిరంలోనే సాగనంపే కూడిక అని సారు సంతోషంగా చెప్పాడు.

మా ఇల్లు మూడేళ్ళుగా మూతపడి ఉండడంతో కోయిలకుంట్లలో మా అక్క ఇంట్లో దిగాం. నాకు అరవై దాటినా అక్కకు నేను ఇంకా పాపనే. జొన్నరొట్టెలు తడుతూ నా మొహం ఒక్కసారి చూసి అడిగింది.

“ఏం పాపా, నీకు పోవాలని ఉండాదా?”

“లేదక్కా.”

“మరి చెప్పేకేం? నోరుండాది కదా.”

“సంఘం ముందర ఒప్పుకొని ఉండా.”

“సంఘం వచ్చి ఆడ దుప్పట్లు మారుస్తాదా?” అని రొట్టె తిరగేసింది. “ఇంకో మూడేండ్లు పోయినాక ఆ బీపీ మిషను నీకు నువ్వు పెట్టుకునే వయసొస్తాది. ఆయప్పకు చెప్పు, ఈ వారంలోనే.”

ఆ వారంలోనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. జమ్మలమడుగులో కూడిక చూసుకుని గండికోటకు పోయాం. లోయను ఫోటోలు తీసి మలావి పిల్లలకు చూపించాలని సారు ముచ్చట. కోట వెనక బండలమీద కూర్చున్నాం. కింద ఎక్కడో పెన్న సన్నగా ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాను.

“ఏమప్పా, నీకొక మాట చెప్పాల.”

“చెప్పు.”

“నాకు ఆడ బాగలేదు. ఈ మూడేండ్లూ బాగలేదు.”

ఆయన ఫోను పక్కన పెట్టాడు. నా చేయి పట్టుకున్నాడు. ఒక్క నిమిషం నాకు ప్రాణం లేచి వచ్చింది.

“అలిసిపోయినావు మే. ఎండలు, ప్రయాణాలు. దా, ప్రార్థన చేసుకుందాం” అని కళ్ళు మూసుకున్నాడు.

మా సంసారంలో ఎప్పుడు మాట పెరిగినా ఇదే వరస. కళ్ళు మూసుకున్న మనిషితో ఎట్లా పోట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు బలమివ్వమని, నాలో నిరుత్సాహం తీసేయమని, వచ్చే మూడేళ్ళు నన్ను ఎక్కువగా వాడుకోమని దేవుణ్ణి అడిగాడు. ప్రేమగానే అడిగాడు, అదే నా బాధ. గొంతు తగ్గింది. ఊపిరి తీసుకున్నాడు. నా నోరు దానంతట అదే ఆమేన్ అనేసింది. ఆయన కళ్ళు తెరిచి నవ్వి, ఫోను తీసి లోయను ఇంకో రెండు ఫోటోలు తీసుకున్నాడు. ఆ రోజు నామీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరిమీదా రాలేదు.

సాగనంపే ఆదివారం మందిరం కిక్కిరిసిపోయింది. ఎండకు రేకులు కాలుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. నేను తెల్లచీర కట్టుకోలేదు. అక్క ఆకుపచ్చ చీర ఒకటి ఇస్తే కట్టుకుని వచ్చాను. మా పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి, దండలు వేసి, చివరి ప్రార్థన సారునే చేయమన్నారు. మమ్మల్ని ముందర మోకాళ్ళమీద ఉంచారు. మా మధ్య మైకు.

“మేమిద్దరం ఒకే మనసుతో తిరిగి వెళ్తున్నాం తండ్రీ” అన్నాడు. ఈసారి ఒక్క మాట కూడా పోగొట్టుకోకుండా విన్నాను. బడి కోసం అడిగాడు, పిల్లల కోసం అడిగాడు. “యేసు నామమున” అని గొంతు తగ్గించి ఊపిరి తీసుకున్నాడు.

నేను పెదాలు బిగబట్టుకున్నాను.

కొంచెంసేపు చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు. మన సీమకు వానలు అడిగాడు. సంఘపెద్దల ఆరోగ్యం అడిగాడు. మళ్ళీ “యేసు నామమున” అని ఆగాడు. వెనక ఎవరో దగ్గారు. సంఘం కూడా నా కోసమే ఆగిందని అర్థమైంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అలవాటు చేసింది నేనే కదా. చెమట కారి కళ్ళలో పడుతోంది. ఒక్క మాట అంటే అందరం ఇళ్ళకు పోయి అన్నం తింటాం. ఆ ఒక్క మాటకు మూడేళ్ళు. నాకు చచ్చేంత భయం వేసింది. అయినా అనలేదు. సారు మూడోసారి ఎత్తుకున్నాడు గాని ఆయన దగ్గర అడిగేందుకు ఏమీ మిగల్లేదు. కళ్ళు తెరిచి నావైపు వంగాడు.

“ఏమ్మే, ఒంట్లో బాగలేదా?” నెమ్మదిగానే అడిగాడు గాని మైకు వల్ల అందరికీ వినపడింది.

“బాగుండా. నేను రాను” అన్నాను. అది కూడా అందరికీ వినపడింది.

తర్వాత అయ్యగారు ఏదో చెప్పి ముగించారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు. అక్క మాత్రం దగ్గరికి వచ్చి నా చెమట తుడిచి, “దా పాపా, సంగటి సల్లారిపోతాది” అంది.

ఆ సాయంత్రం అక్క వాళ్ళ మిద్దెమీద ఇద్దరమే కూర్చున్నాం. బండ ఇంకా వేడిగా ఉంది.

“నేను పోవాల. పరీక్షలయ్యేదాకా ఉంటానని పిల్లకాయలకు మాటిచ్చి ఉండా” అన్నాడు.

“పో. వద్దనలేదు. నేను ఈడ ముందరి గది తాళం తీసుకుంటా.”

“మరి ఆ పొద్దు ఒప్పుకుంటివి కదా, ఆమేన్ అంటివి కదా?”

“బజ్జీల పిండిలో ఉప్పేసినానా లేదా అని ఆలోచిస్తాంటి. నువ్వు ఊపిరి తీసుకుంటివి. నేను ఆమేన్ అంటి.”

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. లెక్కల మాస్టరు కదా, లోపల ఏదో వెనక్కి కూడుకుంటూ పోయాడు.

“అట్లాంటి ఆమేన్లు ఎన్ని ఉంటాయి మే, ఇన్నేండ్లలో?”

అబద్ధం చెబితే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టేది. నాకే చెప్పబుద్ధి కాలేదు.

“శానా” అన్నాను.

ఇక ప్రార్థన చేసుకుందాం అంటాడని చూశాను. ఆయన కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తూ, “ఒక్కొక్కటీ చెప్పు” అన్నాడు.