టీచరుగారి నీడబాట

2022 ఫిబ్రవరి. జంషెడ్‌పూర్‌లో చలి తగ్గి, సిద్ధగోరాలోని మా నర్సరీలో పిటూనియాలు ఆఖరి పూలు పూస్తున్న రోజులు. అప్పటికి ఈ పనిలోకి వచ్చి పదిహేడేళ్లు. మొదట మొక్కలు అమ్మేదాన్ని. తర్వాత ఇళ్లకు వెళ్లి తోటలు గీసి, నాటి, ఏడాదిపాటు చూసుకుని అప్పగించడం నేర్చుకున్నాను. నేను వేసేవి ఎక్కువగా పెరినియల్ తోటలు. సీజను మారగానే పీకేసే పూలు కావవి. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ఒకటి పూసి అలిసిపోయే వేళకు ఇంకొకటి అందుకుంటుంది.

ఒక ఆదివారం పొద్దున్న యాభై దాటిన ఒకాయన స్కూటరు దిగి, మొక్కలవైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు. పేరు అప్పారావు. వాళ్ల పెద్దలది బొబ్బిలి వైపు, మావాళ్లది టెక్కలి వైపు. నోరు విప్పగానే మన మనిషేనని తెలిసిపోయింది.

"అమ్మా, ఇంటి ఎనకాల జాగా ఉన్నాది. మా ఆవిడికి తోట ఎయ్యాల. కానీ ఆవిడికి ఎండ తగలకూడదు."

"నీడలో కూర్చుని చూసుకునేలాగానా అన్నా?"

"కూకోడానికి కాదమ్మా, నడవడానికి. పగలు గుమ్మం దాటి రెండేళ్లయిపోనాది. నాను డూటీకెళ్తే కిటికీలకి దుప్పట్లు కట్టుకుని లోపలే ఉంతాది."

ఆయన భార్య పార్వతి ఒక బడిలో ఆటల టీచరు. ఇరవై ఏళ్లు నడినెత్తి ఎండలో ఆడపిల్లల్ని పరిగెత్తించిన మనిషి. ఒక వేసవిలో ఆవిడ బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి, కీళ్లు పట్టేశాయి. లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఆవిడకు ఎండ తగిలిందంటే అది రేగేది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, క్రీము రాసుకుని నీడలో తిరగవచ్చని డాక్టరు చెప్పినా ఆవిడకు ధైర్యం చాలలేదు. ఉద్యోగం మానేసి, చీకటి గదిలో ఉండిపోయింది.

పర్సుడీహ్‌లో వాళ్ల ఇంటి వెనక ఎర్రమట్టి జాగా ఉంది. తూర్పున రెండంతస్తుల ఇల్లే దానికి గోడ. పడమటి మూల పెద్ద నేరేడు చెట్టు. మధ్యలో గడ్డి కూడా లేదు. తోట గీసే ముందు నేను షేడ్ మ్యాప్ తీస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ నీడ అంచు ఎక్కడికి వస్తుందో నేల మీద గుర్తు పెట్టడమన్నమాట. ఆ రోజు ఇటుక ముక్కలు పెడుతూ పోతున్నాను. కిటికీకి కట్టిన దుప్పటి వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"అలాగ ముక్కలు ఎడితే వంపు తెల్దు. సున్నం పొయ్యి."

తిరిగి చూశాను. దుప్పటి అంచున రెండు వేళ్లు మాత్రం కనిపించాయి.

"డబ్బాకి కన్నం ఎట్టి, నడుం వంచి, ఎనక్కి నడు. సెయ్యి ఆపకు. ఆపితే గీత ముద్దయిపోద్ది."

మైదానంలో పరుగు గీతలు గీసిన చెయ్యి అది. ఆవిడ చెప్పినట్టే చేశాను. సాయంత్రానికి ఆ ఎర్రమట్టి మీద తెల్లటి వంపులు ఒకదాని పక్కన ఒకటి పరుచుకున్నాయి. ఇంటి వైపు నుంచి కొన్ని, చెట్టు వైపు నుంచి కొన్ని. సూర్యుడు ఆ రోజంతా అటూ ఇటూ తిరిగి తన అడుగులు అక్కడ వదిలి వెళ్లినట్టుంది. ఎండ పూర్తిగా పోయాక ఆవిడ వరండాలోకి వచ్చి, స్తంభం పట్టుకుని చాలాసేపు చూసింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చెంపలు మాత్రం కందిపోయి ఉన్నాయి.

"ఇంత నీడ ఉందా మన ఇంట్లో!" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే.

ఫిబ్రవరి ఎండ వేరు, మే ఎండ వేరు. అందుకని మేలో మళ్లీ ఒక మ్యాప్ తీసి, రెండూ కలిపి ప్లాను గీశాను. పొద్దున పూట ఇంటి నీడలో, మధ్యాహ్నం మూడు దాటాక నేరేడు నీడలో నడిచేలా ఒక సన్నటి బాట. పదకొండు నుంచి మూడు దాకా మాత్రం ఆవిడ లోపలే ఉండాలి. ఆ వేళకు నా దగ్గర నీడ లేదు. మధ్యలో ఎండ మడి, దూరం నుంచి చూసుకోవడానికి: మందారాలు, మెట్టతామరలు, నూరువరహాలు. బాట పక్కన నీడ మడులు: ఫెర్న్‌లు, పీస్ లిల్లీలు, రంగురంగుల ఆకుల కెలేడియంలు, చెట్టు కింద బారుగా కనకాంబరాలు. నడినెత్తి ఎండ కంటే చెట్టు కింద జల్లెడ పట్టిన వెలుగే కనకాంబరానికి ఇష్టం.

జూలై వానల్లో నాటాం. దసరా వచ్చేసరికి మడులు నిండిపోయాయి. మొదట్లో ఆవిడ గొడుగు వేసుకుని, గోడకు ఆనుకుని నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్లిపోయేది. నవంబరు నాటికి గొడుగు మానేసింది. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి నేరేడు కింద నడుస్తోంది. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు ఆవిడ చీర మీద ఈదుతున్నాయి. కాళ్ల పక్కన కనకాంబరాలు మెల్లగా ఊగుతున్నాయి. నీటి అడుగున నడుస్తున్న మనిషిలా ఉంది, అంత నెమ్మది. గేటు దగ్గరే ఆగిపోయాను. పిలవబుద్ధి కాలేదు.

మరుసటి ఏడాది మే నెలలో, ఇక్కడ కాల్‌బైసాఖి అనే సాయంత్రపు గాలివాన వచ్చింది. అప్పారావు ఫోన్ చేశాడు.

"సెట్టు ఒరిగిపోనాదమ్మా. మొత్తం పోనాది."

మర్నాడు వెళ్లేసరికి నేరేడు ఎండ మడికి అడ్డంగా, వేళ్లు గాలిలో పెట్టి పడి ఉంది. కింద నలిగిపోగా మిగిలిన కనకాంబరాలు నేరుగా ఎండలో ఉన్నాయి. పదింటికల్లా కెలేడియం ఆకులు కాలిన కాగితంలా అంచులు ముడుచుకున్నాయి. కిటికీలకు మళ్లీ దుప్పట్లు వచ్చాయి.

చెప్పక తప్పని మాట ఒకటి నా దగ్గర ఉంది. లోపలికి వెళ్లాను. ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"టీచరుగారూ, తప్పు నాది. నాటిన రోజున చెట్టు మొదట్లో చెక్కలా గట్టిగా ఉన్న పుట్టగొడుగులు చూశాను. అవి వేరు కుళ్లుకు గుర్తని నాకు తెలుసు. నీడ బాగుంది కదా అని చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ సమయానికి మీరు దాని కింద ఉంటే..."

ఆవిడ ఇటు తిరిగింది.

"నాకు కోపం నేదనను. ఉన్నాది," అంది. "కానీ పందెంలో పిల్ల పడిపోతే ఏటి సేత్తాం సరోజా? ఎందుకు పడ్డావని అక్కడే నిలబెట్టి అడుగుతామా? ముందు లెగు అంటాం. బయట ఏటి మిగిల్నాదో సెప్పు."

మిగిలినవి చెప్పాను. అప్పారావూ నేనూ ఆ మధ్యాహ్నమే మొక్కల మీద ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టాం. మొదళ్లలో తడి ఆరకుండా పడిపోయిన చెట్టు ఆకులనే మందంగా పరిచాం. మా పనిలో దాన్ని మల్చింగ్ అంటాం. ఇక మిగిలిన మొక్కల్ని రూట్ బాల్‌తో, అంటే వేళ్లకు పట్టిన మట్టి ముద్ద చెదరకుండా, తీసి ఇంటి నీడలోకి మార్చాలి. మొక్కకు దెబ్బ తగలకుండా ఉండాలంటే అది చల్లటి వేళ చేయాల్సిన పని.

మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లాను. ఆవిడ అప్పటికే మడిలో ఉంది. తలకు చున్నీ చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని.

"మీరు కూర్చుని చూడండి టీచరుగారూ, నేను తీస్తాను."

"కూకుని సూసి సూసి ఇసుగొచ్చేసినాది. గునపం ఇలాగియ్యి."

పట్టుమని పావుగంట కూడా తవ్వలేకపోయింది. వేళ్లు వాచి ముడుచుకోవడం లేదు. కాసేపు ఆగి, మళ్లీ తవ్వింది. ఒక కనకాంబరాన్ని మట్టి ముద్దతో సహా పైకెత్తి, పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు అరచెయ్యి కింద పెట్టి పట్టుకుంది. ఎదురింటి పిట్టగోడకు ఎండ తాకగానే లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రతి ఉదయం అంతే. నేను వెళ్లని రోజుల్లో కూడా మడిలో కొత్తగా తవ్విన గుంటలు కనిపించేవి.

పందిరి ఆలోచన ఆవిడదే.

"సెట్టు పెరిగీదాకా ఎవులు ఆగుతారు? ఆనపపాదు పాకిత్తే రెండు నెల్లకి నీడ రాదా?"

ఎందుకు రాదు! పద్దెనిమిదేళ్ల అనుభవంలో నాకు తట్టనిది అది. ఈసారి కొలతలు ఆవిడే చెప్పింది, ఎక్కడ నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అన్నీ చెప్పి. ఇంటి వెనక గుమ్మం నుంచి పడమటి గోడ దాకా బాట పొడుగునా ఇనుప గొట్టాలతో పందిరి వేశాం. ఆ ఏటికి ఆనపపాదు. దాని పక్కనే రాధామనోహరం తీగ; అది రెండో ఏటికి పందిరంతా అల్లుకుని, పాదు చోటు తీసుకుంటుంది. పడమట ఒక పొగడ, ఒక కానుగ, విడివిడిగా. అవి ఎదగడానికి ఏళ్లు పడుతుంది. పట్టనీ. ఒక నీడ పోయినా ఇంకొకటి ఉండాలి.

2024 సెప్టెంబరులో మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి ఆ ఇంటికి వెళ్లాను. నా మొదటి ప్లాను ఆవిడను లోపల ఉంచిన వేళ అది. పార్వతి టీచరు పందిరి కింద తీరిగ్గా నడుస్తోంది. పైన రాధామనోహరాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నిన్న విచ్చినవి గులాబీ రంగులో, అంతకు ముందువి ఎర్రగా. ఆకుపచ్చటి ఆ చీకట్లో ఆవిడ మొహం చల్లగా ఉంది. జబ్బు పోలేదు. కొన్ని వారాలు మంచం దిగదు. అప్పుడు అప్పారావు నీళ్లు పెడతాడు. దిగిన రోజున మాత్రం ఆవిడకు ఏ వేళా నిషేధం లేదు.

ఈ తోటకు ముందు నేను ఇళ్లకు వెళ్లి ఎండ ఎక్కడ, నీడ ఎక్కడ అని చూసేదాన్ని. ఇప్పుడు ఇంట్లో వాళ్లను మొదట అడుగుతున్నాను: ఏ వేళకు ఎక్కడ ఉంటారు, ఎక్కడ ఉండాలని ఉంది అని. కళ్లకు నచ్చిన చెట్టునైనా మొదలు దగ్గర వంగి, గోరుతో గీరి చూస్తున్నాను. తెలిసిన కీడును అప్పటికప్పుడే చెబుతున్నాను, ఎంత చేదుగా ఉన్నా. అన్నిటికంటే ముఖ్యంగా, తోట ఎవరికోసమో వాళ్ల చేతిని మట్టిలోకి రానివ్వాలని తెలుసుకున్నాను. ఆవిడ జబ్బును చూసి జాలిపడి, మొదటి ఏడాది ఆ ఒక్క పనీ ఆవిడకు మిగల్చకుండా అంతా నేనే చేసేశాను.

ఇప్పుడు నీడ మొక్కలు కావాలని వచ్చినవాళ్లను ముందు ఒకసారి పర్సుడీహ్ వెళ్లి చూసి రమ్మంటున్నాను. మొన్న భాలుబాసా నుంచి వచ్చిన ఒకామె అలాగే వెళ్లి, సాయంత్రం తిరిగి వచ్చింది. చీర కుచ్చిళ్ల నిండా ఎర్రమట్టి.

"తోట సూద్దామని ఎల్లేను," అంది, అరచేతులు నా ముందు చాపి నవ్వుతూ. "ఆ టీచరు నాసేత రెండు గుంతలు తవ్వించింది."