రథసప్తమి నాడు గడ్డకట్టిన నీలం ఇంకు

నాలుగు నెలల కష్టాన్ని, మా మావ ఆశల్ని, నా ఎమ్మెస్సీ బంగారు పతకాన్ని రెండు గంటల్లో ఒకే గాజు సీసాలో గడ్డకట్టించిన మహానుభావుణ్ణి నేను. ఇందులో మనుషుల సాయం ఏమీ తీసుకోలేదు. దేవుడొక్కడే చెయ్యి వేశాడు.

ముందు నా గొప్పతనం చెప్పుకోనివ్వండి. తర్వాత చెప్పుకోవడానికి ఎలాగూ ఏమీ మిగలదు. ఎచ్చెర్లలో కెమిస్ట్రీ చదివాను. క్లాసులో నేనే ఫస్టు. మా అప్పలనాయుడు మావ గరివిడి ఫ్యాక్టరీలో రిటైరయ్యాక, ఉన్నదంతా ఊడ్చి ఎచ్చెర్ల రోడ్డు పక్కన ఒక షెడ్డు వేసి, అందులో ఒక ప్రింటింగ్ మెషీను పెట్టాడు. రేకు మీద, గాజు మీద, ప్లాస్టిక్ మీద కూడా బొమ్మలు వేసే మెషీను. “దానికి ఇంకు బయట కొనడమెందుకు మావా, నేను తయారు చేస్తాను కదా” అన్న మేధావి ఎవరో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఈ ఇంకు పెన్నులో పోసుకునే సిరా కాదు. కాగితమైతే సిరాని తాగేస్తుంది. అల్యూమినియం రేకు చుక్క కూడా తాగదు. అందుకని రేకు మీద ఇంకు చుక్క పడగానే దాని వెనకే యూవీ ల్యాంపు వస్తుంది. ఆ వెలుగు తగిలితే ఇంకు రెప్పపాటులో గట్టిపడి రేకుని పట్టుకోవాలి. ఇది పుస్తకంలో మాట. నేను కలిపిన మొదటి రకం పెళుసెక్కి పెచ్చులుగా రాలింది. రెండో రకం ఎంతకీ గట్టిపడలేదు, దాని మీద వాలిన ఈగ మాత్రం అక్కడే స్థిరపడింది. మూడో రకం చూడ్డానికి దివ్యంగా ఉంది. దాంతో కళింగపట్నం పోలయ్యగారికి రెండు పలకలు వేసి ఇచ్చాం.

పోలయ్యగారు పడవల యజమాని. ఆయన మాట మీద ఆ రేవులో పడవలన్నీ నడుస్తాయి. పడవల పేర్లు రంగుతో రాయిస్తే ఏడాదికే పోతున్నాయని, అల్యూమినియం పలకల మీద వేయించాలని ఆయన ఆలోచన. మా పలకలు రెండూ వేటకెళ్లి తెల్లగా తిరిగొచ్చాయి. పేరు సముద్రం పాలైంది.

“ఇంకొక్కసారి సూస్తాను బావూ. రథసప్తమి నాడు అరసవల్లి వస్తాను, అటునుంచటే మీ షెడ్డుకొస్తాను. నా కళ్ల ముందర ఎయ్యండి. నిలబడిందా, రేవులో పడవలన్నిటికీ మీరే. లేదంటే మరి నా దారి నాది” అని చెప్పి వెళ్లాడాయన.

ఆయన దారి ఆయనది అయితే మా మెషీను దారి అమ్మకానికే. ఆ సంగతి మావ నాతో అనలేదు. రోజూ మెషీను తుడుస్తూ నా వైపు చూసేవాడు, అంతే.

కిందా మీదా పడి, వెలుగును పట్టే పొడి కొంచెం పెంచి, రేకుని పట్టే ద్రవం ఇంకొంచెం కలిపి, చివరికి ఒక లీటరు నీలం ఇంకు చేశాను. గట్టిపడ్డాక బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగాను. రాలేదు. మావ లాగాడు. రాలేదు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

రథసప్తమి వచ్చింది. తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానాలయ్యాయి. షెడ్డు ముందు ఎండలో పైడమ్మ అత్త పిడకలు రాజేసి పాలు పొంగిస్తోంది. మావకి భక్తి కూడా పొంగింది.

“అల్లుడూ, ఆ ఇంకు కూడా తెచ్చి దేవుడి కాడ ఎట్టు. ఒకపాలి సూర్యుడికి సూపించి మెషీన్లో పోద్దాం.”

ఒక్క చెంచాడు పెడితే దేవుడేమీ అనుకోడు. కానీ నేను లీటరూ పెట్టదలిచాను. పైగా అది నల్ల డబ్బాలో ఉంది. అంత అందమైన నీలాన్ని నల్ల డబ్బాలో దాచి దేవుడికి చూపించడం నాకు నచ్చలేదు.

“అత్తా, గాజు సీసా ఉంటే ఇయ్యి.”

“గాజుదేటికిరా. ఆవకాయ జాడీ కడిగి ఉంచినాను, అందులో పొయ్యి.”

“జాడీలో పోస్తే రంగు ఎవడికి కనిపిస్తాది?”

“నల్ల డబ్బాలో ఉన్నదాన్ని అద్దంలాటి సీసాలో పోసి ఎండలో ఎడతానంటావేటి? ఏటైనా అవుద్దేమో సూడు.”

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

“అత్తా, ఇది వడియాల పిండి కాదు, ఎండకి ఆరడానికి. యూవీ తగిలితేనే గట్టిపడతాది.”

“ఆ యూవీ ఎండలోనే ఉంటాదని టీవీలో మొహం క్రీము వాళ్లు సెప్తారు కదేటి?”

“అది వేరు అత్తా.”

ఎలా వేరో నాకు ఇప్పటికీ తెలియదు. చీకటి షెడ్డులో నాలుగు నెలలు పనిచేసి, యూవీ అంటే ల్యాంపులోనే పుడుతుందని నమ్మిన ఎమ్మెస్సీని నేను. సీసా దించడానికి పీట దొరక్కపోతే ఖాళీ పేరు పలక ఒకటి తెచ్చి దేవుడి ముందు పరిచాను. దాని మీద సీసా పెట్టి, నల్ల డబ్బాలోది భక్తిగా అందులోకి ఒంపుతుంటే నాలుగు చుక్కలు పలక మీద ఒలికాయి. సీసాకి బొట్టు కూడా పెట్టాను.

అరసవల్లి రోడ్డు జనంతో కిటకిటలాడుతుండటం వల్ల పోలయ్యగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఆ రెండు గంటలూ సూర్యుడు మా నైవేద్యాన్ని తీరిగ్గా ఆరగించాడు.

“ఒంచు అల్లుడూ” అన్నాడు మావ, మెషీను మూత తీసి.

“ఒంచుతన్నాను మావా.”

“మరి రాదేటి?”

“సిక్కగా ఉన్నాది. మంచి ఇంకు సిక్కగానే ఉంటాది.”

సీసా పూర్తిగా తలకిందులు చేశాను. ఒక్క చుక్క రాలలేదు. గరిట గుచ్చితే నిటారుగా నిలబడింది. గాజు పొడుగునా నీలం రాయి, నడిమధ్య నీలం ముద్ద. మెషీన్లో పోయడానికి ఏమీ లేదు. నల్ల డబ్బా నల్లగా ఎందుకుంటుందో నాకు సరిగ్గా ఆ క్షణంలో అర్థమైంది.

మావ తిట్టలేదు. తిడితే బాగుండేది. మెషీను మూత నెమ్మదిగా వేసి, “పోనీలే” అని గుమ్మంలో కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. జిల్లేడాకుల్లాగే నేనూ పొద్దుటి స్నానం నీళ్లలో కొట్టుకుపోయి ఉంటే బాగుండేదనిపించింది.

పోలయ్యగారు మాత్రం దేవుడి ముందున్న పలక చేతిలోకి తీసుకుని, దాని మీద నాలుగు నీలం చుక్కల్ని గోటితో గీకాడు. వలలు కోసే కత్తి తీసి గీకాడు. తడి ఇసకలో ఉప్పు కలిపి చేతులు నొప్పెట్టేదాకా తోమాడు. చుక్కలు నాలుగూ నాలుగే.

“ఇది ఎలా అతికించినారు?”

“అతికించలేదండి, ఒలికిపోయింది” అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన మొదటి శాస్త్రీయ సత్యం అదే.

“మీ ల్యాంపు సంగతి నాకు తెలీదు గాని బావూ,” అన్నాడాయన మావతో, “మా పడవ పొద్దల్లా ఎండలోనే ఉంటాది. ఎండకి ఇలాగ పట్టినాదంటే ఇంకేటి కావాల. పదిరోజులు ఆగుతాను, మళ్లీ కలపండి. పడవలన్నిటికీ మీరే.”

మావ లేచి నిలబడ్డాడు. పోలయ్యగారు వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగాడు.

“నీ పేరేటి బాబూ?”

అత్తే పరమాన్నం గిన్నె దించుతూ చెప్పింది.

“సూర్యనారాయణ. అరసవల్లి దేవుడికి మొక్కుకుంటే పుట్టినాడు.”

పోలయ్యగారు ఆకాశం వైపు చూశాడు, సీసా వైపు చూశాడు. “నీ పేరింటోడి సంగతే మర్సిపోనావేటి” అని వెళ్లిపోయాడు.

ఆ సీసా ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది. పడవల పేర్లకని కలిపిన కొత్త ఇంకు అత్త ఇచ్చిన ఆవకాయ జాడీలో ఉంటుంది. అత్త ఆవకాయకి వేరే జాడీ కొనుక్కుంది.

కాబట్టి నేను, సూర్యనారాయణ అనబడేవాణ్ణి, ఇకమీదట ఇంకును గాజు సీసాలో పోయనని, ఎండకు చూపించనని, మొహం క్రీము ప్రకటనల్ని పాఠ్యపుస్తకంలా చదువుతానని ఆ సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆయన ఎదురుగా నిలబడి కాదు, షెడ్డులో కిటికీలన్నీ మూసుకుని. చేతిలో జాడీ ఉంది మరి.