న్యూస్‌పేపర్లో చుట్టిన బోర్డు

శ్రీకాళహస్తిలో తెలిసిన పెయింటరు చేత టు-లెట్ బోర్డు రాయించుకుని, న్యూస్‌పేపర్లో చుట్టి, బస్సులో తలపైనున్న సామాన్ల అరలో పెట్టాను. తిరుపతిలో మా ఇంటి పైపోర్షన్ ఖాళీ అయి అప్పటికి నెల.

పక్క సీట్లో తెల్లటోపీ పెట్టుకున్న ఒకాయన కూర్చున్నాడు. కలంకారీ పని కాబోలు, గోళ్ల చుట్టూ రంగు దిగి ఉంది. కూతురికి తిరుపతి కాలేజీలో సీటొచ్చిందట. మూడు ఆదివారాలుగా ఇల్లు వెతుకుతున్నాడట.

"అద్దె ఎట్లో సర్దుకుంటాంలే అప్పా. పేరు సెప్పంగానే 'ఇప్పుడే ఇచ్చేసినాం' అంటారు. 'ఇంట్లో మాంసమే వండం' అని కూడా సెప్పి సూసినా," అని నవ్వాడు. నా వైపు తిరిగి అడిగాడు. "మీ పక్క యాడన్నా ఖాళీ ఉండాదా?"

నోటిదాకా వచ్చింది. ఇంట్లో ఒప్పుకోరు అనుకున్నాను. నిజానికి ఇంట్లో ఎవరినీ ఎప్పుడూ అడిగింది లేదు.

"మా పక్క యాడా లేవప్పా," అన్నాను.

బస్టాండులో ఆయనే ముందు లేచి నా కట్టను దించాడు. కుదుపులకు పేపరు ఒక పక్క చిరిగి, ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి. ఆయన చదివాడు. చిరిగిన పేపరును అక్షరాల మీదికి మెల్లగా మడిచి, అంచులు పట్టుకుని నా చేతికిచ్చాడు.

"పదిలంగా పట్టుకోప్పా, రంగింకా ఆరలా."

పోర్షన్ వారంలోనే ఇంకొకరికి ఇచ్చాను. తర్వాత రెండుసార్లు ఖాళీ అయితే, రెండుసార్లూ ఆ బోర్డే గేటుకు కట్టాను. రంగు ఎప్పుడో ఆరిపోయింది. నేను మాత్రం ఇప్పటికీ దాన్ని అంచులు పట్టుకునే తీస్తాను.