అందరినీ అడిగే జెడెయోన్

మా జెడెయోన్ గారికి ఒకటే జబ్బు. పదిమందినీ అడక్కుండా ఏ పనీ చేయడు. మనుషులు ఒప్పుకుంటేనే రాజ్యమైనా ఇల్లైనా నిలుస్తుందని ఏ పుస్తకంలో చదివాడో గానీ, జెనీవాలో ఆయన మేడమీది గదిలో వాచీలు చేసే మా ఆరుగురికీ తల ప్రాణం తోకకొచ్చేది.

కిటికీ తెరవాలంటే చేతులెత్తాలి. సూపులో ఉప్పు పడాలన్నా అంతే.

"వడ్డించనా, చల్లారిపోతోంది," అనేది ఆయన భార్య పెర్నెట్.

"ఆగవే. ముగ్గురు వడ్డించమన్నారు, ముగ్గురు ఆగమన్నారు."

"వండింది నేను. నన్నడిగారా?"

ఆయన తెల్లబోయాడు. లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు చల్లటి సూపే తాగాం.

ఊళ్లో ఓటు జెడెయోన్ గారిలాంటి పాత కుటుంబాలకే. మేం ఇక్కడే పుట్టినా మా తండ్రులు బయటివాళ్లు కాబట్టి మాకు ఓటూ లేదు, సొంత దుకాణమూ కూడదు. నాకు నలభై దాటాయి. నేను చేసిన ప్రతి వాచీ మీదా ఆయన పేరే. ఆ ఏడు, మాలాంటివాళ్లు కూడా దుకాణం పెట్టుకోవచ్చన్న చట్టం సభకొచ్చింది.

"చచ్చినా ఒప్పుకోను. మీరంతా పోతే నేను ఈగలు తోలుకోవాలి," అన్నాడు జెడెయోన్. అయినా అలవాటు చొప్పున మా చేత చేతులెత్తించాడు. మావి ఆరూ ఇటు, ఆయనది ఒక్కటీ అటు. మొహం మాడ్చుకుని, కోటు తొడుక్కుని, సభ జరిగే పెద్ద చర్చికి బయల్దేరాడు. నా ఆశ అక్కడితో చచ్చింది.

అక్కడ ఓటంటే గుమాస్తా చెవిలో గుట్టుగా చెప్పడమే. ఎవరేం చెప్పారో మూడోవాడికి తెలియదు. మేం బయట మెట్ల మీద నిలబడ్డాం. పాపం, ఈ మధ్య మా ముసలాయనకు చెవులు మందగించాయి. తన గుసగుస ఎంత గట్టిదో ఆయనకే తెలీదు.

"ఒప్పుకుంటున్నాను," అన్న కేక గుమ్మం దాటి మా దాకా వచ్చింది.

పక్కవాడు కలేమోనని నా చేయి గిల్లి చూశాడు. లోపల మిగతా యజమానులు, వీడికి మతి పోయిందని గోల పెట్టారు. చట్టం మాత్రం నెగ్గింది.

ఆయన బయటికి రాగానే మెట్ల మీదే నిలదీశాను.

"అయ్యగారూ, మీరు వద్దన్నారు కదండీ?"

"ఇప్పటికీ వద్దనే అంటాను ఎటియెన్. నా కొంప నేనే ముంచుకున్నాను."

"మరెందుకండీ?"

"ఆ చట్టం కింద బతకాల్సింది నువ్వా, నేనా? మిమ్మల్ని అడిగి, మీ మాట పక్కన పెడితే అసలు అడగడం దేనికిరా?"

ఆయన విసుగ్గా టోపీ సర్దుకున్నాడు.

"మన ఎదురు మేడలో గది ఖాళీగా ఉంది, వెలుతురు బాగుంటుంది. పోయి మాట్లాడుకో. నన్ను మాత్రం అడక్కు. అడిగితే వద్దంటాను."