ఎడమ పక్కే ఎందుకు అరుగుతోంది

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఉగాది వెళ్ళిన వారానికి, నన్ను కర్నూలు నుంచి కడప సర్వీస్ సెంటరుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. రిటైరు కావడానికి అప్పటికి ఇంకా రెండేళ్ళుంది. వర్క్స్ మేనేజరంటే బండ్లు బాగుచేసేవాడని మా బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. బాగుచేసేవాళ్ళు టెక్నీషియన్లు. వాళ్ళ మీద ఫ్లోర్ సూపర్‌వైజరు ఉంటాడు. కస్టమరు చెప్పింది విని జాబ్ కార్డు రాసేవాడు సర్వీస్ అడ్వైజరు. వీళ్ళెవరూ పట్టించుకోని తిట్లన్నీ చివరికి వచ్చి పడే కుర్చీ వర్క్స్ మేనేజరుది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి రెండు టన్నులు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు. పొలమున్నవాడికీ, గని ఉన్నవాడికీ, కాంట్రాక్టు ఉన్నవాడికీ అవే కావాలి. నాలుగు చక్రాలూ లాగాల్సినంత చెడ్డ దారి వాళ్ళలో ఎంతమందికి ఉందో నాకు అనుమానమే. కానీ మా జీతాలు నడిచేది ఆ బండ్ల మీదే కాబట్టి పైకి ఎప్పుడూ అనలేదు.

నేను చేరిన మొదటి నెలలోనే ఓబుళరెడ్డిగారి తెల్ల బండి వచ్చింది. ఎర్రగుంట్ల దగ్గర పల్లె ఆయనది, నాపరాయి గనులున్నాయి. అరవై దాటిన భారీ మనిషి. మోకాళ్ళు పనిచేయవు, గొంతు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బ్రేకు వేస్తే ఎడమ పక్క కీచుమంటోందని ఫిర్యాదు. చక్రం విప్పితే ఎడమ ప్యాడ్లు రేకు బయటపడేదాకా అరిగి ఉన్నాయి. కుడివి సగం కూడా అరగలేదు. ఎడమ షాక్ అబ్జార్బరు నూనె కక్కుతోంది. ఇనుప భాగాలు ఒకదానికొకటి కొట్టుకోకుండా మధ్యలో రబ్బరు బుష్‌లుంటాయి, అవీ ఎడమ పక్కే చీలిపోయాయి.

ఒక పక్క బ్రేకే ఎక్కువ అరిగితే మేము మొదట చూసేది కాలిపర్. ప్యాడ్లను డిస్కు మీద నొక్కి పట్టే పట్టకారు అది. దాని పిన్నులు బిగుసుకుంటే బ్రేకు వదలదు. పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, ప్యాడ్లు జతగా మార్చి పంపించాం. రెండు నెలలకు బండి మళ్ళీ అదే ఫిర్యాదుతో వచ్చింది. ఈసారి కాలిపరే మార్చాం. నెల తిరక్కుండా మూడోసారి వచ్చింది.

అప్పుడు నాకు తెలివి పుట్టింది. రెడ్డిగారు ఎప్పుడూ ముందు ఎడమ సీట్లోనే కూర్చుంటారు. బరువంతా అక్కడే పడుతోందేమో తేల్చాలని బండిని ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తూచే కాటాకు తీసుకెళ్ళాను. ఎడమ చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, కుడి చక్రాలు పెట్టి ఒకసారి తూచాలి. రెడ్డిగారు సీట్లోనే ఉండాలి. చుట్టూ లారీ డ్రైవర్లు చేరారు. సంగతి అర్థమైన రెడ్డిగారు అద్దం దించి గట్టిగా అడిగారు.

“ఏమప్పా మేనేజరూ, నన్ను కాటా ఏస్తాండావా? నేనేమన్నా సిమెంటు బస్తానా?”

లారీ డ్రైవర్లు పగలబడి నవ్వారు. తీరా చూస్తే రెండు పక్కలకూ తేడా ఒక మనిషి బరువుకు మించి లేదు. ఆ మాత్రానికి ప్యాడ్లు అరిగేటట్లయితే దేశంలో సగం బండ్లు మూలన పడాలి. నా ముప్పై ఏళ్ళ అనుభవం నలుగురిలో నవ్వులపాలైంది. రెడ్డిగారు ఆ మధ్యాహ్నమే రీజనల్ ఆఫీసుకు ఫోన్ చేశారు.

ఆయన ఫిర్యాదు నా మీద కాదు, మస్తాన్ మీద. మా వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉండేది. లిఫ్టు ఎక్కిన ప్రతి బండికీ ఎడమ పక్క పని మస్తాన్‌ది, కుడి పక్క పని చిన్నయ్యది. ఇద్దరి పనిముట్ల పెట్టెలూ ఆ పక్కనే ఉంటాయి. రెడ్డిగారు మూడుసార్లూ కుర్చీ వేయించుకుని ఇదంతా చూశారు. కుడి పక్క బాగుంది, ఎడమ పక్క చెడింది, ఎడమ పక్క చేసేది మస్తాన్, కాబట్టి వాడు దొంగ ప్యాడ్లు వేసి కంపెనీ ప్యాడ్లు బయట అమ్ముకుంటున్నాడని తేల్చేశారు. కోర్టుల్లో కూడా తీర్పు అంత తొందరగా రాదు.

రీజనల్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. సోమవారంలోగా కారణం రాతపూర్వకంగా పంపాలి, లేకపోతే మస్తాన్‌ను తొలగించాలి. మెయిల్ వచ్చింది గురువారం. మస్తాన్ పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. చెప్పాల్సి వచ్చినందుకు నాకు సిగ్గేసింది. అతను విని, చేతులు గుడ్డకు తుడుచుకుని అన్నాడు. “పోతే పోనీ సార్. యాడైనా రెంచి పట్టుకుని బతుకుతా. దొంగ ప్యాడ్లేసినోడనే పేరు పెట్టుకుని మాత్రం పోలేను.”

ఆ సాయంత్రం జాబ్ కార్డులు మూడూ బల్ల మీద పరిచాను. మొదటి జత ప్యాడ్లు నాలుగు నెలలు వచ్చాయి. రెండోది రెండు నెలలు. మూడోది నెల కూడా రాలేదు. పనితనం చెడ్డదైతే ప్రతిసారీ ఒకేలా చెడాలి. మేము బాగుచేసినకొద్దీ తొందరగా పాడవుతోందంటే, బాగుచేసిన తరవాత ఎవరో ఏదో ఎక్కువ చేస్తున్నారన్నమాట. ఈ ముక్క తట్టడానికి నాకు ఒక కాటా, ఒక అవమానం, ఒక మెయిల్ కావలసి వచ్చాయి.

మస్తాన్ తన టిఫిను డబ్బా మూత తెచ్చి ముందు పెట్టాడు. అందులో కాస్త ఎర్రమట్టి, కాస్త పీచు ఉన్నాయి. “టెంకాయ పీచు సార్. మూడుసార్లూ ఎడమ చక్రంలోనే ఉండాది. కుడి పక్క ఒక్క పోగు ల్యా.” ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, జాబ్ కార్డులో పీచు రాయడానికి గడి లేదన్నాడు.

శనివారం పొద్దున్నే నా పాత చిన్న కారులో ఇద్దరం రెడ్డిగారి ఊరికి పోయాం. టీ కొట్టులో ఆయన ఇల్లు ఎక్కడని అడిగితే, ఈ పొద్దప్పుడు ఇంట్లో ఉండరని, గుట్ట దగ్గరుంటారని చెప్పారు. ఊరి బయట చిన్న గుట్ట, దాని మీద ఆంజనేయస్వామి గుడి ఉన్నాయి. గుట్ట చుట్టూ ఇరుకైన సిమెంటు బాట. ఆ బాట మీద రెడ్డిగారి తెల్ల బండి దుమ్ము రేపుకుంటూ గిరగిర తిరుగుతోంది. డ్రైవరు సుంకన్న స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన రెడ్డిగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉన్నారు. మెట్టు మీద పూజారి చుట్టుకొక గులకరాయి పక్కన పెడుతున్నాడు.

ప్రదక్షిణమంటే దేవుడు కుడిచేతి పక్క ఉండాలి. అంటే బండి ఎప్పుడూ కుడికే తిరగాలి. కుడికి తిరిగే బండి బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. పైగా బాట ఇరుకు కావడంతో ఎడమ చక్రాలు అంచు దిగి మొరంలో పోతున్నాయి. టెంకాయలు కొట్టే బండ కూడా ఆ అంచునే ఉంది. గరుకు మట్టి ఎగిరి ప్యాడ్లలో పడుతోంది, సుంకన్న బ్రేకు మీద కాలు తీయడం లేదు. అరగకపోతే ఆశ్చర్యపోవాలి.

నలభై ఒకటో చుట్టుకు బండి ఆగింది. మమ్మల్ని చూసి రెడ్డిగారు దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా తల వంచుకున్నారు. ఆయనను అలా చూడటం నాకు అదే మొదలు, అదే చివర. కాసేపటికి సంగతి బయటికొచ్చింది. కొత్త బండి తెచ్చినప్పుడు మామూలుగా మూడు చుట్లు తిరిగారు. కొన్నాళ్ళకు కీచుమంటే, దిష్టి తగిలిందని రోజుకు పదకొండు చుట్లు మొక్కుకున్నారు. మోకాళ్ళు సహకరించవు కాబట్టి బండిలోనే. ప్యాడ్లు పోయాయి. మొక్కు చాలలేదని ఇరవై ఒకటి చేశారు. మళ్ళీ పోయాయి. ఇప్పుడు నలభై ఒకటి, నలభై ఒక్క రోజులు. బయటికి చెబితే మొక్కు ఫలించదని మా అడ్వైజరుకు చెప్పలేదు.

“బండి బాగుండాలనే గదప్పా ఇంత చేస్తాండేది!” అన్నారు బాధగా.

ఇంతలో సుంకన్న ఇంకొకటి కలిపాడు. “నాలుగు చక్రాలూ లాగాల్నంట సార్. రెండే లాగితే సగం పున్నెమేనంట.” ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. బురదలో అయితే చక్రాలు కాస్త జారి సర్దుకుంటాయి. గట్టి బాట మీద మలుపు తిరిగేటప్పుడు ఆ వీలుండదు, అవి ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. బుష్‌లు ఎందుకు చీలాయో అర్థమైంది.

కారణం దొరికింది గానీ చెప్పేదెలా? స్వామికి చేసే ప్రదక్షిణే బండిని తినేస్తోందని ఆ గుట్ట కింద నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. డొంకతిరుగుడుగా నాలుగు మాటలు వెతుక్కుంటూ ఉండగా మస్తాన్ ముందుకొచ్చాడు.

“రెడ్డిగారూ, మా ఇంట్లో ఎవరికన్నా జరమొస్తే దర్గాకు మేము పోయి మొక్కుకుంటాం. జరమొచ్చినోన్ని దర్గా చుట్టూ పరిగెత్తించం గదా?”

రెడ్డిగారు మస్తాన్‌ను చూశారు, బండిని చూశారు. తరవాత అందరి ముందూ, “నీ మీద శానా పెద్ద మాట పడేసినానప్పా, మనసులో పెట్టుకోవాకు” అన్నారు. అక్కడి నుంచే రీజనల్ ఆఫీసుకు ఫోన్ చేశారు. కారణం మాత్రం చెప్పలేదు, మొక్కు ఇంకా నడుస్తోంది కదా. ఆ కారణం నేనే రాసి పంపాల్సి వచ్చింది. ‘గుండ్రటి బాటపై దీర్ఘకాలం ఒకే దిశలో నడపడం’ అని రాశాను. ఆ బాట ఎక్కడుందని ఎవరూ అడగలేదు. మస్తాన్ ఉద్యోగం నిలబడింది.

అంతటితో పోతే బాగుండేది. రోగి తిరగకూడదు సరే, మరి మిగిలిన ఇరవై ఆరు రోజులూ ఏ బండిలో తిరగాలని రెడ్డిగారు అడిగారు. గనుల టిప్పర్లు ఆ బాటలో పట్టవు. ఆయన చూపు మెల్లగా నా కారు మీద ఆగింది. మస్తాన్ ఉద్యోగం అప్పుడే దక్కిందేమో, కాదనలేక కారు ఇచ్చేశాను. ఆ ఇరవై ఆరు రోజులూ నేను ఆఫీసుకు ఆటోలో వెళ్ళాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. కస్టమరును బండికేమైందని అడిగితే చాలదు, అయ్యాక ఏం చేశారో కూడా అడగాలి. మా జాబ్ కార్డులో అడుగున ఒక గడి కలిపించాను: ‘సమస్య వచ్చాక మీరేం చేశారు?’ రిటైరయ్యాక నా కారును అక్కడికే తీసుకెళ్ళాను. ఎడమ ముందు చక్రం కీచుమంటోంది. అడ్వైజరు టీ తాగడానికి పోయాడని మస్తానే కార్డు తీసి రాసుకున్నాడు. చివరి గడి దగ్గర పెన్ను ఆపి, నవ్వకుండా నన్ను ఆ ప్రశ్న అడిగాడు.

నేనేమీ మొక్కుకోలేదని రాయించాను.