ఏం కాదు అన్న మాట

తాళాలాయన కొట్టుకు తాళం వేసి ఒక్కసారి లాగి వెళ్ళిపోయిన రోజు లేదు. లాగుతాడు, నాలుగడుగులు వేస్తాడు, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాడు. పోనీ వయసు మీదపడి వచ్చిన చాదస్తమా అంటే అదీ కాదు. అత్తారింట్లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడే వాళ్ళ వీధి తలుపు గడియ సరిగ్గా పడటం లేదని పట్టేసిన మహానుభావుడు.

అలాంటాయనకి బావమరిది ఒక కుక్కపిల్లని ఊరికే తెచ్చి ఇచ్చాడు. దూడంత ఎదిగే జాతి, మా ఇంట్లో చోటు చాలదు బావా అన్నాడు. ఆ మాట ఈయన చెవికెక్కితేగా! ఏదో లోపం ఉండే అంటగడుతున్నాడని పిల్లని వెల్లకిలా తిప్పి, పళ్ళు చూసి, చెవుల్లోకి టార్చి వేశాడు. లోపం దొరకలేదు. దొరకలేదంటే బాగా దాచారన్నమాట అనుకున్నాడు.

భార్య వాడికి చిట్టి అని పేరు పెట్టింది. కొద్ది నెలల్లోనే ఆ చిట్టిగారు నిలబడితే తల బల్ల మీదికి వచ్చేది. కాళ్ళు మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఒకటి అటు పోతే ఒకటి ఇటు పోయేది. నున్నటి గచ్చు మీద బ్రేకు పడక నేరుగా వెళ్ళి బీరువాను గుద్దేవాడు. సంతోషమొచ్చి తోక ఊపితే కొట్లో తాళంచెవుల పళ్ళెం ఎగిరి నేలకూలేది. తాళాలాయన తిట్టుకుంటూ ఏరుకునేవాడు. ఏరుకుంటూనే వాడి మూతి నిమిరేవాడు. పగలంతా వాడు ఆయన బల్ల కిందే పడుకునేవాడు. మొరాయించిన తాళంలో సన్నటి కమ్మీ పెట్టి తిప్పేటప్పుడు ఆయన గొణుక్కునే మాటలే వాడికి జోలపాట.

పేచీ అల్లా పశువుల డాక్టరమ్మ దగ్గరే. మొదటిసారి సూదికి తీసుకెళ్తే బాగానే వచ్చాడు. తర్వాత మాత్రం ఆ మెట్ల దగ్గరే చతికిలబడి వణకడం మొదలుపెట్టాడు. అంత శరీరాన్ని ఎవరు ఎత్తగలరు? తాళాలాయన అనుమానం నేరుగా డాక్టరమ్మ మీద వాలింది. తను చూడని క్షణంలో ఆవిడ వీణ్ణి గిల్లిందో, గద్దించిందో. లేకపోతే దేనికీ బెదరని నా బిడ్డ ఎందుకు హడలిపోతాడు? ఆవిడే మెట్ల దగ్గరికి దిగొచ్చి చూస్తుంటే, ఆవిడ చేతులు ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పుతూ కూర్చునేవాడు. ఇంటికొచ్చాక వాడి ఒళ్ళంతా తడిమి చూసేవాడు.

ఇంతలో చిట్టి ముందుకాలు కుంటడం మొదలైంది. డాక్టరమ్మ వాడి నడక చూసి, ఇంత వేగంగా ఎదిగే జాతిలో ఎముక వంకరపోయే ప్రమాదం ఉందని, అదే అయితే ఆలస్యం చేసేకొద్దీ జన్మంతా కుంటుతాడని చెప్పింది. ఎక్స్‌రే తియ్యాలి. కానీ వాడు గుమ్మమే తొక్కడాయె. మత్తు మందు ఇద్దామంటే తాళాలాయన ససేమిరా అన్నాడు. అయితే రోజూ ఊరికే తీసుకురండి, ఏమీ చెయ్యను, నాలుగు బిస్కెట్లు తిని వెళ్ళిపోతాడు, భయం అదే పోతుంది అందావిడ.

ఏమీ చెయ్యకుండా ఊరికే రమ్మనే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా? ఇందులో ఏదో మతలబు ఉందని ఆయన భార్యతో అన్నాడు. అయినా వాడి కుంటుడు చూడలేక రోజూ వెళ్ళాడు. చిట్టి రోజూ మెట్ల దగ్గరే కూలబడ్డాడు. బిస్కెట్టు వాసన కూడా చూడలేదు.

ఒక సాయంత్రం భార్య ఫోనులో తమ్ముడితో మాట్లాడుతోంది. వాడి ఉద్యోగం గొడవేదో. "ఏం కాదురా, ఏం కాదు" అంది. గుమ్మంలో గుర్రు పెట్టి నిద్రపోతున్న చిట్టి దిగ్గున లేచి మంచం కిందికి దూరాడు. తల దూరింది, మిగతాది బయటే ఉండి వణుకుతోంది. ఆవిడ ఫోను పెట్టేసి మంచం వైపు వంగి మళ్ళీ అంది, మెల్లిగా. "ఏం కాదు." మంచం కదిలింది.

భార్యే వాడికేదో నేర్పిందేమోనని ఆయన మొదట ఆవిణ్ణే అనుమానంగా చూశాడు. అంతలోనే ఆయనకి తట్టింది. సూది వేయించిన తొలిరోజు నుంచీ ఆ మెట్ల మీద మెడపట్టీ బిగించి పట్టుకుని, వాడి చెవిలో ఆ మాట అంటున్నది తనే. ఇంకెక్కడా అనడు. అనడానికి ఆ మాట మీద నమ్మకముంటే కదా! తలుపు దగ్గరగా వేస్తే చాలు, ఏం కాదు అనుకుని దొంగలపాలైన వాళ్ళే ఆయన దగ్గరికి కొత్త తాళం కోసం వచ్చేది. తను నమ్మని మాటని వాడికి నమ్మమని చెప్పాడు. గొంతులో వణుకుని వాడు పసిగట్టేశాడు. లోకంలో అందర్నీ అనుమానించాను కానీ నన్ను అనుమానించలేదే అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మర్నాడు మెట్ల దగ్గర ఆయన పట్టీ వదులుగా పట్టుకున్నాడు. ఏమనాలో తోచక, మొరాయించిన తాళంతో అనే మాటే అన్నాడు.

"వచ్చేస్తావులే. తొందరేం లేదు."

చిట్టి చెవులు లేచాయి. బల్ల కింద విన్న మాట అది. ఒక మెట్టు ఎక్కాడు, జారాడు, మళ్ళీ ఎక్కాడు. ఆయన అదే గొణుగుతూ లోపలికి నడిపించాడు. ఎక్స్‌రే బల్ల మీద కూడా అదే గొణిగాడు. వాడు ఒళ్ళప్పగించి పడుకున్నాడు.

ఫిలిం కోసం కాచుకుని కూర్చుంటే ఇప్పుడు వణుకు ఆయనకి పట్టుకుంది. చిట్టి తన బరువంతా ఆయన కాళ్ళ మీద వాల్చేశాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, "ఏం కా..." అనబోయింది.

"ఆ మాట మాత్రం వద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఎముక తిన్నగా ఉందని, ఎదిగే వయసు నొప్పేనని, గెంతనివ్వకుండా ఒళ్ళు తగ్గిస్తే సర్దుకుంటుందని చెప్పిందావిడ. ఆయన ఫిలిం అడిగి తీసుకుని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. తిరిగి ఇచ్చేశాడు. చిట్టి పట్టీ అందుకుని లేవబోయాడు.

"కూర్చోండి," అంది డాక్టరమ్మ. "తొందరేం లేదు."

పొద్దున్న కొట్టు తాళం లాగి చూడకుండానే వచ్చేశానని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లేవలేదు.