నార్వే వడ్రంగి పెళ్ళి కోసం ఏలూరు నుంచి కలిదిండి దాకా

మా ముత్తాత నార్వే నుంచి వచ్చిన వడ్రంగి. చర్చి దూలాలు, ఆసుపత్రి తలుపులు చెయ్యడానికి మిషను వాళ్ళు ఓడ ఎక్కించి పంపితే, పని అయ్యాక మళ్ళీ ఓడ ఎక్కకుండా కొల్లేటి పక్కనే ఉండిపోయాడు. పేరు నిల్స్. మా ఇంట్లో ఎవరైనా కాస్త తెల్లగా పుడితే దొర పోలిక అంటారు, కాస్త మొండిగా ఉన్నా దొర పోలికే అంటారు. నాకు రెండోది మాత్రమే వచ్చింది.

ఇంత గొప్పగా చెప్పుకునే కథలో ఒక ముల్లు ఉంది. నిల్స్ కొడుకు మా తాతయ్య ఏసుదాసు. తాతయ్య ఇంటిపేరు తూముపాటి. అది నిల్స్‌ది కాదు, ఆయన భార్య మార్తమ్మ పుట్టింటిది. పిల్లాడికి తల్లి ఇంటిపేరు వచ్చిందంటే అసలు పెళ్ళే జరగలేదని ఊరు తేల్చేసింది. ఆ మాట మీదే తాతయ్యను చర్చి సంఘ పెద్దగా ఎన్నుకోలేదు. ఆయన ఎవరితోనూ వాదించలేదు, ఆ ఊసు ఇంట్లో కూడా ఎత్తనివ్వలేదు.

తాతయ్య కూతురు, అంటే మా మేనత్త రూతమ్మ, రిటైరైన టీచరు. డెబ్భై ఎనిమిదేళ్ళు. మొన్న డిసెంబరులో తాడేపల్లిగూడెం నుంచి ఫోను చేసింది. “అమ్మాయ్, మా నాయనమ్మకి పెళ్ళయిందో లేదో నేను పోయేలోపు తెలియాలి. అయితే నాకు కాగితం కావాలి. అవ్వకపోతే అదీ తెలియాలి. నువ్వు వస్తావా, నన్నొక్కదాన్నే వెళ్ళమంటావా?” అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

ముందురోజే విశాఖ నుంచి వచ్చి అత్తయ్య ఇంట్లో దిగాను. పొద్దున్న ఏడు గంటల ప్రాంతంలో గూడెంలో రైలెక్కితే ముప్పావు గంటలో ఏలూరు. టికెట్టు యాభై రూపాయల లోపే. అత్తయ్య ఒళ్ళో తువ్వాలులో చుట్టిన పాత బైబిలు ఉంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. దాని మొదటి పేజీలో నిల్స్ తన పిల్లల పుట్టిన రోజులు తెలుగులో రాసుకున్నాడు. గుండ్రటి అక్షరాలు, ఉలితో చెక్కినంత లోతుగా ఉంటాయి. పుట్టుకలన్నీ ఉన్నాయి కానీ పెళ్ళి సంగతి ఒక్క ముక్క లేదు. అత్తయ్యను ఇన్నేళ్ళూ తొలిచింది ఆ ఖాళీయే.

ఏలూరు స్టేషను నుంచి పాత చర్చి ఆవరణకి ఆటో అరవై రూపాయలు. వారం ముందే ఫోను చేసి అడిగాను కాబట్టి అక్కడి గుమాస్తా గారు మూడు పెళ్ళి రిజిస్టర్లు దుమ్ము దులిపి సిద్ధంగా పెట్టారు. రెండు గంటలు పేజీ పేజీ తిప్పాం. వరుడి పేరు దగ్గర వేలు పెట్టి కిందికి దిగడం, పేజీ తిప్పడం, మళ్ళీ దిగడం. నిల్స్ పేరు అక్కడే ఉన్న మిషను పనివాళ్ళ జాబితాలో దొరికింది, పెళ్ళిళ్ళలో దొరకలేదు.

“దొరల పెళ్ళిళ్ళన్నీ ఈ పుస్తకాల్లోనే ఉంటాయండి. ఇందులో లేదంటే మరి...” అని గుమాస్తా గారు పుస్తకం మూసేశారు. అత్తయ్య మొహం చూడలేకపోయాను. ఇంటికి వెళ్ళిపోదామా అని నెమ్మదిగా అడిగాను. “మా నాయనమ్మ ఊరికి కూడా వెళ్దాం. ఆ ఊరు ఏమనుకుందో నాకు తెలుసు. ఏం రాసుకుందో తెలీదు” అని చెప్పులేసుకుంది.

ఏలూరులో కారు మాట్లాడుకున్నాం. కైకలూరు మీదుగా కలిదిండి వెళ్ళి, సాయంత్రం గూడెంలో దింపడానికి డీజిలుతో కలిపి మూడువేల రెండొందలు. పదకొండుకి బయల్దేరాం. డ్రైవరు సత్తిబాబు మాటకారి. “అంత పాత రికార్డులు దేనికండీ? ఆస్తి గొడవలాండి?” అని అడిగాడు. “ఆస్తే బాబూ. మా నాయనమ్మ పరువు” అంది అత్తయ్య. రోడ్డుకి రెండు పక్కలా కొల్లేటి నీళ్ళు, నీళ్ళ మీద గూడబాతులు. రోడ్డు కొన్నిచోట్ల గతుకులు, గంటన్నర పైనే పట్టింది.

కైకలూరులో భోజనం నూట యాభై, చేపల పులుసుతో. అత్తయ్య అన్నం కెలుకుతూ కూర్చుంటే వండినావిడే బయటికొచ్చి, “అదేంటండీ మామ్మగారూ, కొల్లేటికొచ్చి చేప ముట్టుకోకుండా వెళ్తారా? నా పేరు పోద్దండీ” అని తనే ముల్లు తీసి ముక్క వేసింది. అత్తయ్య ఆ రోజు మొదటిసారి నవ్వింది. రెండోసారి అన్నం కూడా పెట్టించుకుంది.

కలిదిండి దాటాక చేపల చెరువుల మధ్య నాలుగు కిలోమీటర్లు వెళ్తే మా ముత్తవ్వ మార్తమ్మ ఊరు. రెండుంబావుకి చర్చి ముందు దిగాం. శుక్రవారం కావడంతో లోపల స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతోంది. సంఘ పెద్ద సామ్యేలు గారు వసారాలో కుర్చీలు వేయించి, మేమేం వెతుకుతున్నామో కూడా వినకుండానే, “ఏ ఇంటివారండీ?” అన్నారు.

అత్తయ్య అలవాటుగా పుట్టింటి పేరు చెప్పింది. “తూముపాటి వారమండీ.”

ఆయన బీరువాలోంచి గుడ్డ అట్ట పుస్తకం తీశారు. అక్కడి లెక్క వేరు. ఏలూరులో వరుడి పేరు మీద రాస్తే, ఈ ఊళ్ళో ఇంటికో పేజీ. పైన ఇంటిపేరు, కింద ఆ ఇంట్లో చావులూ పుట్టుకలూ పెళ్ళిళ్ళూ. తూముపాటి వారి పేజీ దొరికింది. సామ్యేలు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

“తూముపాటి పేతురు. మగ సంతానము లేదు. కుమార్తె మార్త. అల్లుడు నిల్స్, నార్వే దేశస్థుడు, వడ్రంగి. ఈ మందిరములో వివాహమై ఇల్లరికము వచ్చెను. మామగారి ఇంటిపేరు తీసుకొనెను.”

కింద సంతకం ఉంది. తూముపాటి నిల్స్. అవే గుండ్రటి అక్షరాలు. పెళ్ళి కాలేదనడానికి ఊరంతా చూపించిన ఆ ఇంటిపేరు, పెళ్ళయింది కాబట్టే వచ్చింది. పెళ్ళి ఆడపిల్ల ఊళ్ళో జరుగుతుందన్న చిన్న సంగతి తోచక, దొర కదా అని మేమేమో పట్నంలో వెతికాం.

సామ్యేలు గారు కళ్ళజోడు తీసి పేజీ మీద పెట్టారు. “మీ నాన్నగారు పెద్దరికానికి పనికిరారని అడ్డుపడింది మా నాన్నగారేనండీ. పుస్తకం ఈ బీరువాలోనే ఉందండి. అందరికీ తెలిసిన సంగతే కదా అని ఎవరం తియ్యలేదండీ. తప్పయిపోయింది” అన్నారు.

“నా ఒక్కదానికి చెప్తే చాలదండీ. లోపల అంతమంది ఉన్నారు కదా, వాళ్ళకి చదివి వినిపించండి” అంది అత్తయ్య.

చదివారు. ముప్ఫై మంది ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని విన్నారు. చదవడం అయ్యాక అత్తయ్య లేచి, క్లాసులో హాజరు పిలిచే గొంతుతో అంది: “నేను తూముపాటి నిల్స్ గారి మనవరాల్నండీ. తూముపాటి ఏసుదాసు గారి కూతుర్ని.” వెనకనుంచి ఒక ముసలావిడ “అవునమ్మా” అంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. సామ్యేలు గారు ఆ పేజీని చేత్తో నకలు రాసి, సంఘం ముద్ర వేసి ఇచ్చారు.

మా ముత్తాత నార్వే వాడని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాను. ఇప్పుడు నా గర్వం వేరే. ఇల్లరికం అల్లుడంటే ఇప్పటికీ మన దగ్గర ఎగతాళే. ఈయన సముద్రాలు దాటి వచ్చి, కొడుకుల్లేని ఒక మామగారు అడిగితే తన పేరు తీసి పక్కన పెట్టి ఆ ఇంటివాడైపోయాడు. అంత మర్యాద చేసిన మనిషికీ, ఆయన భార్యకీ ఊరు అంటగట్టిన నిందని డెబ్భై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య ఒక్క రోజులో దింపేసింది. దొర పోలిక నాకు కాదు, ఆవిడకే వచ్చింది.

ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్ళకి ఒక్క సూచన. రిజిస్టర్లలో ముత్తాత పేరు దొరక్కపోతే ముత్తవ్వ ఊరికి వెళ్ళి, ముత్తవ్వ ఇంటిపేరు మీద వెతకండి. మాకు ముందే తట్టి ఉంటే ఏలూరులో రెండు గంటలు మిగిలేవి. మా తాతయ్యకి ఎప్పుడో తట్టి ఉంటే ఆయన తలెత్తుకుని బతికేవారు.